గొలుసులో ఇంకొన్ని లంకెలు

నబీరసూల్‌ను ఎవరేమడిగినా, "హజ్రత్‌ను అడిగి చెప్తా" అనేవాడు. బిడ్డకు ఏం పేరు పెట్టమంటారు అని అడిగినా అదే జవాబు, మంచినీళ్ళ కుండ ఎక్కడుంది అని అడిగినా అదే జవాబు. కుండ అతని వెనకే ఉండేది.

హజ్రత్ అంటే జలాలుద్దీన్ సాహెబ్. ఆదోని పాత బజారు వెనక ఒక చిన్న సూఫీ ఆశ్రమానికి ఆయన పెద్ద. నబీరసూల్ ఆయన దగ్గర చేరిన నాటి నుంచి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. చెప్పులు తానే తెచ్చిపెట్టాడు, టీ గ్లాసు తానే అందించాడు. పోనుపోను, మాట్లాడేముందు ఆయనలాగే గొంతు సవరించుకోవడం కూడా పట్టుబడింది. ఆయనకైతే ఉబ్బసం ఉంది. ఇతనికి ఏ జబ్బూ లేదు.

అలాంటివాడిని ఒక పొద్దున హజ్రత్ పిలిచి, ఇకనుంచి మొక్కల గది చూసుకోమన్నారు. ఎందుకో చెప్పలేదు. నబీరసూల్ కూర్చునే చోట కొత్తగా వచ్చిన మస్తానయ్య అనే ఆటో డ్రైవర్ కూర్చోవడం మొదలుపెట్టాడు. తన వల్ల ఏ తప్పు జరిగిందో ఎంత ఆలోచించినా తేలలేదు.

మొక్కల గది వెనకవైపు ఉంది. ఏటా జరిగే ఉరుసు పండక్కి వచ్చినవాళ్ళకు తలా ఒక సబ్జా మొక్క ఇచ్చి పంపడం అక్కడి ఆనవాయితీ. ఒకప్పుడు ఆ నారు ముంగిట్లోనే పోసేవాళ్ళు. తూర్పు పక్క పెద్ద లాడ్జి లేచాక ముంగిట్లో ఎండ పడడం మానేసింది. బట్టల కొట్టు నడిపే ఒక భక్తుడు మొక్కలు పెంచే లైట్లు కొనిచ్చాడు. వాటిని వెనక గదిలో దూలాలకు గొలుసులతో వేలాడదీశారు. కొక్కేన్ని ఏ లంకెకు తగిలిస్తే లైటు ఆ ఎత్తున నిలుస్తుంది.

నబీరసూల్ పని మనసు పెట్టే చేశాడు. వెలుగు మంచిదైతే దగ్గరి వెలుగు ఇంకా మంచిదని అతని లెక్క. నారు ఎదిగి లైటుకు చేరువవుతుంటే అతనికి సంబరంగా ఉండేది. లైటును మాత్రం కదపలేదు.

కొన్నాళ్ళకు ఆకుల అంచులు తెల్లబడి ముడుచుకోసాగాయి. దాహమేమోనని నీళ్ళు పోశాడు. మన్ను బురదైంది, ఆకులు మాత్రం కోలుకోలేదు. ఉరుసు దగ్గరపడుతోంది. నారు పోతే వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపాలి. ఆ చోటుకి అలాంటి మాట ఎన్నడూ రాలేదు.

ఒక గురువారం బట్టలు సంచిలో సర్దుకుని, సంచిని మొక్కల గది గడప పక్కన పెట్టి హజ్రత్ దగ్గరికి వెళ్ళాడు. నారు తన చేతిలో చచ్చిపోతోందని చెప్పాడు. తనను మళ్ళీ దగ్గర పెట్టుకుంటే ఉంటానని, లేకపోతే ఊరికి పోతానని కూడా చెప్పాడు.

హజ్రత్ లేచి, మస్తానయ్యను అక్కడే ఉండమని సైగ చేసి, గోడ పట్టుకుంటూ వెనక గదికి వచ్చారు. సంచిని చూశారు. అది ఎవరిదని అడగలేదు.

మొక్కల కొసలు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి, శిష్యుడి చెయ్యి పట్టుకుని లైటు కింద అంతే ఎత్తులో బోర్లా ఉంచారు. అట్లే ఉంచమన్నారు. తాను పక్కనున్న పీట మీద కూర్చున్నారు.

కాసేపయ్యాక అడిగారు. "కాల్తాందా?"

"లేదు హజ్రత్."

అప్పటికే కాలుతోంది. అయినా గురువు పెట్టమన్న చెయ్యి తీయడానికి అతనికి మనసొప్పలేదు. పళ్ళు బిగపట్టాడు. నుదుట చెమట పట్టింది. హజ్రత్ గోడకేసి చూస్తూ తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు. చివరికి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. నబీరసూల్‌కు సిగ్గేసింది.

"ఓర్చుకోలేకపోయినా హజ్రత్," అన్నాడు.

"నీకు చెయ్యి తీసుకునేకి వచ్చింది," అన్నారు హజ్రత్. "వాటికి రాదు."

లేచి గొలుసు అందుకున్నారు. నబీరసూల్ సాయం రాబోతే వద్దన్నారు. మునికాళ్ళ మీద నిలబడి, ఆయాసపడుతూ, కొక్కేన్ని పై లంకెలకు మార్చారు. లైటు పైకి పోయింది. గదిలో మూలల దాకా వెలుగు పరుచుకుంది, నారు మీద మాత్రం కాస్త పలచబడింది.

నబీరసూల్‌కు ప్రాణం ఉసూరుమంది. అంత దూరమైతే అవి బతుకుతాయా అని అడిగాడు. మొక్కల గురించి అడుగుతున్నాడో, తన గురించి అడుగుతున్నాడో అతనికే సరిగ్గా తెలియలేదు.

హజ్రత్ ఊపిరి కూడదీసుకున్నారు.

"లైటు దూరం పోలేదు రా. అవి పెరిగినాయి."

మళ్ళీ గోడ పట్టుకుంటూ ముందు గదికి వెళ్ళిపోయారు. నబీరసూల్ ఎర్రబడిన చేతిని చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

ఇంతలో గుమ్మంలో ఒక ఆడమనిషి కనిపించింది. ప్రతి గురువారం వచ్చే మనిషే. కూతురి కాన్పు ఉందని, ఉరుసుకు రాలేనని, ఒక మొక్క ముందే ఇస్తే తీసుకుపోతానని అడిగింది. నబీరసూల్ నారులో వెతికి, ఆకులు చెడనిది ఒకటి తీసి చిన్న కుండీలో పెట్టి ఇచ్చాడు.

"సామీ, దీన్ని ఇంట్లో యాడ పెట్టుకోవాల?" అని అడిగింది.

"హజ్రత్‌ను..." అన్నాడు. ఆగిపోయాడు. అలవాటుగా గొంతు సవరించుకోబోయి, అదీ మానేశాడు. ముందు గదిలోంచి హజ్రత్ దగ్గు వినిపిస్తోంది. ఆమె అతని ముఖంలోకే చూస్తూ జవాబు కోసం నిలబడి ఉంది.

అతను గడప దగ్గరి సంచిని కాలితో పక్కకు జరిపి, ఆమె కూర్చోవడానికి పీట వేశాడు.

"మీ ఇంట్లోకి వెలుగు ఏ పక్క నుంచి వస్తాదమ్మా?" అన్నాడు.