చిలుకల కోటకు వెళ్లిన కువలయ

అనగనగా, కదలకుండా కూర్చుంటేనే చెబుతా, ఒక రాజుండేవాడు. పేరు మేఘవాహనుడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఉయ్యాల్లో ఒక కూతురు. కరాళుడనే మాంత్రికుడికి కన్నుకుట్టి, ఆ రాజును ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల తన కోటలో బంధించాడు.

లోకం ఊరుకుంటుందా? "ఏమీ చేయందే ఎందుకు బంధిస్తాడమ్మా? నిప్పు లేనిదే పొగొస్తుందా?" అని చెవులు కొరుక్కుంది. రాణి గుమ్మం దాటడం మానేసింది. పెద్దకొడుకు ఎవరడిగినా "మా నాన్న పోయాడు" అనేవాడు. రెండోవాడు నాన్న మాటెత్తితే చాలు, కొట్లాటకు దిగేవాడు. కూతురు కువలయకు నాన్న ముఖమే తెలియదు. పెళ్లీడొచ్చాక సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయేవి.

"నాకు పెళ్లొద్దు, నాన్న కావాలి" అని ఒకనాడు బయల్దేరింది. పిల్ల కాదర్రా, పిడుగు!

సముద్రపు ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలును లేవదీసింది. అది "నా వీపెక్కు తల్లీ" అని ఏడు సముద్రాలూ దాటించింది. దారిలో చెప్పింది: "వాడు బందీలందర్నీ చిలుకల్ని చేశాడు. తన ప్రాణమున్న చిలుకనూ వాటి మధ్యే దాచాడు. అది చస్తే వాడూ చస్తాడు. జాగ్రత్త, పొరపాటున మీ నాన్న మెడే నులిమేవు!"

మాంత్రికుడు వేటకెళ్లిన వేళ చూసి కువలయ కోటలో అడుగుపెట్టింది. అమ్మో, ఎన్ని పంజరాలో! "నాన్నా!" అని పిలిచింది. "వచ్చావా తల్లీ!" అన్నాయి చిలుకలన్నీ. అందరూ ఎవరో ఒకరి నాన్నలే మరి. అసలు చిలుకేదో తేలుతుందని జామపండు చూపించింది. అన్నీ మెడలు చాచాయి. పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది. "వీళ్లలో ఎవర్ని చంపను? అందర్నీ వదిలేస్తా, ఏమైతే అదవుతుంది" అని పంజరాల తలుపులన్నీ తీసేసింది.

చిలుకలు బయటికి రాలేదు. తెరిచిన తలుపును చూసి మూలకు ఒదిగిపోయాయి. ఒక్కటి మాత్రం రివ్వున వచ్చి, దర్జాగా ఆమె చేతి మీద వాలి జామపండు కొరికింది.

"తలుపంటే భయం లేదే! నువ్వు ఖైదు ఎరిగినదానివి కావు" అని కువలయ గబుక్కున పట్టి మెడ నులిమేసింది. అడవిలో మాంత్రికుడు కూలిపోయాడు. చిలుకలన్నీ మనుషులయ్యాయి.

నెరిసిన గడ్డంతో ఒకాయన "ఎవరమ్మా నువ్వు? నాకూ ఉయ్యాల్లో ఓ పాప ఉండేది" అన్నాడు.

"ఆ పాపనే నాన్నా" అని ఆయన్ని వాటేసుకుని భోరుమంది.

ఇంటికొచ్చాక సంబంధాలు బారులు తీరాయి. కువలయ మాత్రం "మీ నాన్నగారికి అన్నం సయిస్తోందా?" అని అడిగిన రాజకుమారుణ్ణే ఎంచుకుంది.

కన్యాదానం వేళయింది. రాజేడీ? పెళ్లిమంటపం బయట, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరూ లోపలికి రమ్మనలేదమ్మా" అన్నాడు.

కువలయ పీటల మీంచి లేచింది. వెళ్లి చెయ్యి పట్టుకుంది. "ఇక్కడ నీకు కాపలా ఎవరూ లేరు నాన్నా. రా."

ఆయన భయం భయంగా గడప దాటి, కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు రాజ్యాన్ని చల్లగా ఏలాడు. తలుపు దగ్గర ఆగిపోయే అలవాటు మాత్రం ఆయనకు పోలేదు. ఆగినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెళ్లి చెయ్యి పట్టుకునేవారు.