ఫోల్డర్ లోపల అచ్చియమ్మగారి ఆయన

మండపేటలో ఫోటో స్టూడియో నడిపే గవర్రాజుకీ, తమ్ముడు వీర్రాజుకీ తమ బుర్రలంటే మహా గురి. పైగా ఈమధ్య గవర్రాజు పుస్తకం చూసి కంప్యూటరుకి స్క్రిప్టు రాయడం నేర్చాడు. మనం నాలుగు ముక్కలు రాసిపెడితే కంప్యూటరు నోరెత్తకుండా అలాగే చేస్తుంది. ఇంట్లో అతని మాట అలా వినేది మరొకటి లేదు పాపం.

ఒక పొద్దున అచ్చియమ్మగారు వచ్చింది. పదకొండింటికి వాళ్ళాయన సంవత్సరీకం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోనీ చెదలు తినేశాయి. అది తీసింది ఇక్కడే కాబట్టి వెతికి పెట్టమంది.

కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో పేర్లు చెప్పమని గవర్రాజు స్క్రిప్టు రాశాడు. ‘పాతవి’ అని ఒక్క పేరొచ్చింది. అంతే, మీ ఆయన మా దగ్గర లేరు, పాతవి అని ఎవరో ఒక్కరే ఉన్నారు అని చెప్పేశాడు. అది పెట్టె పేరేమో నాయనా, మూత తీసి చూడమని ఆవిడే చెప్పాల్సొచ్చింది.

సరేనని ఇంకో ముక్క చేర్చాడు. ఫోల్డరు కనబడితే లోపలికెళ్ళి పేర్లన్నీ ప్రింటు తియ్యి, అక్కడా ఫోల్డరుంటే అందులోకీ వెళ్ళు అని. ఇంకేముంది, ‘పాతవి’లో ‘మరీ పాతవి’, అందులో ‘అసలు పాతవి’, అక్కడ ‘అచ్చియమ్మగారి ఆయన’ అనే ఫోటో. పక్కనే ‘బయటికి దారి’. లోపలికెళ్ళినవాళ్ళు తప్పిపోకుండా వీర్రాజు ఎప్పుడో పెట్టిన షార్ట్‌కట్ అది. అందులో దూరితే మళ్ళీ మొదటి ‘పాతవి’లో తేలతాం. చెప్పినమాట వినే కంప్యూటరు అలాగే తేలింది, మళ్ళీ లోపలికెళ్ళింది, మళ్ళీ తేలింది. అవే పేర్లతో ప్రింటరు కాగితాలు కక్కుతూనే ఉంది. వీర్రాజు కాగితాల కోసం మూడుసార్లు బజారుకి పరిగెత్తాడు. మన దగ్గర ఇంత సరుకుందా అని గవర్రాజు ఛాతీ ఉబ్బింది. ఒక్క ఫోటో దిగడానికే బతిమాలించుకున్న మనిషి ఇన్నెప్పుడు దిగాడా అని ఆవిడ నోరు వెళ్ళబెట్టింది.

ఇంతలో పురోహితుడు వచ్చి కూర్చున్నాడని కబురొచ్చింది. ఈ రోజున ఆయన మొహం ఎదురుగా లేకపోతే ఎలాగని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గవర్రాజు ప్రింటరు ఆపేశాడు. ఆవిడని ఉత్తచేతులతో పంపుతామా అనుకుని, ఆ పేర్ల వరుసనే పెద్దక్షరాల్లో ప్రింటు తీసి, మంచి ఫ్రేము కట్టి, బంతిపూల దండ వేసి చేతిలో పెట్టాడు.

“ఇందులో ఆయనేడి నాయనా?”

“అదిగో పిన్నిగారూ. పాతవి, మరీ పాతవి, అసలు పాతవి, ఆ తరవాత ఆయనే.”

ఆవిడ ఆ పేరు చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“బతికున్నప్పుడూ ఇంతే. ఎక్కడున్నాడో కబురు పంపేవాడు గానీ, మనిషి మాత్రం కనబడేవాడు కాదు.”

గవర్రాజు మీసం దువ్వుకున్నాడు.

“చూశావా తమ్ముడూ, పోలిక అచ్చుగుద్దినట్టు వచ్చిందట. ఇంకో కాపీ తీసి బయట అద్దాల బీరువాలో పెట్టు.”