రోజుకి రెండు టిన్నులు

తవిటమ్మ గారి గుమ్మంలో పదకొండో ఫారం నింపుతుండగా నాకు మొదటిసారి ఎక్కడో తేడా కొట్టింది. ఆవిడ ఒంటరి మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి. తాగడానికి నీళ్ళు ఎక్కడివని అడిగితే, "కొనుక్కుంతాం. రోజుకి రెండు టిన్నులు" అంది. టిన్నంటే ఇరవై లీటర్లు. ఒక్క మనిషికి రోజుకి నలభై లీటర్లెందుకు అనుకుంటూనే గడిలో రెండు అని వేసేశాను. ఎండకి వాడిపోయిన నా మొహం చూసి జాలేసిందేమో, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. చెంబు లోపలంతా తెల్లగా గార పట్టి ఉంది. కొన్న నీళ్ళకి అంత గార పట్టదు. నేను తాగాను. నేను తాగుతుంటే ఆవిడ చూస్తూ నిలబడింది.

ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మా జిల్లాలో కిడ్నీ జబ్బు పట్టుకున్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. ఎమ్మెస్సీ అయ్యాక నేను యూనివర్సిటీలో ఒక ప్రాజెక్టులో చేరాను. మూడు ఊళ్ళు తిరిగి, ఎవరు ఏ నీళ్ళు తాగుతున్నారో ఇల్లిల్లూ అడిగి రాయడం నా పని. మా నివేదిక చూసి ఆ మూడింట్లో ఒక ఊరికి మంచినీళ్ళ ప్లాంటు ఇస్తారు. ఒక్క ఊరికే.

డిపార్ట్‌మెంట్‌కి వచ్చి తవిటమ్మ గారి ఊరి ఫారాలు ఎనభై నాలుగూ బల్ల మీద పరిచాను. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో రోజుకి రెండు టిన్నులు. కొత్తగా కాపురం పెట్టిన ఇద్దరికీ రెండు టిన్నులే. ఇంట్లో ఎవరికైనా చాన్నాళ్ళుగా ఉన్న జబ్బుందా అన్న ప్రశ్నకి ఎనభై నాలుగు ఇళ్ళలోనూ "లేదు" అనే ఉంది. ఊరంతా కూడబలుక్కుని నాకు ఒకే మాట చెప్పింది. నెల రోజులు తిరిగి నేను రాసుకొచ్చింది కట్టుకథ. ఆ కథ ప్రకారం ఆ ఊరికి ప్లాంటే అక్కర్లేదు.

ఫారాలు పట్టుకుని పైడిరాజు సార్ దగ్గరికి వెళ్ళాను. ప్రాజెక్టు ఆయనదే, నా పీహెచ్‌డీకి గైడూ ఆయనే. సార్‌కి ఒక అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "పద" అని ఎక్కడికో తీసుకెళ్తారు. ఒక ఇంటికి రోజుకి ఎన్ని నీళ్ళు చాలతాయని అడిగిన సీనియర్ని, బిందె చేతికిచ్చి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వీధి కుళాయి దగ్గర నిలబెట్టారట.

"సార్, మనం వాళ్ళ మంచికే కదా వెళ్ళాం. మనకి అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఆయన ఫారాలు ఒక్కొక్కటే తిరగేశారు. మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒక చలోక్తి విసిరేవారు. ఆ రోజు విసరలేదు.

"ఒక ఖాళీ ఫారం తెచ్చుకో. రేపు తొమ్మిదింటి బస్సు."

బస్సులో గంటన్నర ఆయన కిటికీలోంచి బయటికే చూశారు. దిగాక మాత్రం, "నేనీ ఊరికొచ్చి తొమ్మిదేళ్ళయింది" అన్నారు. ఇక్కడికి ముందే వచ్చారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలీదు.

తవిటమ్మ గారి అరుగు మీద ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తున్నారు. వాళ్ళలో చిన్నమ్మలు అనే ఆవిడ పొదుపు సంఘం లీడరు. టెన్త్ చదివింది, మాట పదును. నన్ను చూసి నవ్వబోయింది. వెనక సార్ని చూసి ఆగిపోయింది.

తవిటమ్మ గారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన్ని చాలాసేపు చూసింది.

"మా ఊరి పేరు పేపర్లో ఏయించినోడివి నువ్వే గాదా, బాబూ?"

"నేనేనమ్మా."

పిక్కలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. సార్ ఇంకేదైనా చెప్తారేమోనని నేను చూశాను. చెప్పింది చిన్నమ్మలే, నా వైపు తిరిగి.

"తొమ్మిదేళ్ళ కిందట ఈ సారూ ఇలాగే ఒచ్చినాడు. సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళినాడు. ఏ ఇంట్లో ఎవరికి జబ్బుందో అడిగితే ఉన్నదున్నట్టు సెప్పినాం. సదువుకున్నోరు, మందేదో సెప్తారనుకున్నాం. పేపరోళ్ళకి మా ఊరి పేరు సెప్పినాడు. జబ్బుల ఊరని ఏసినారు. మర్నాటి నుంచి పాలకేంద్రం ఓడు మా పాలు పోయించుకోనేదు. ఏడాది. గేదెల్ని తోలుకెళ్ళి అమ్ముకున్నాం. మా నీళ్ళల్లో ఏటుందో మాత్రం ఒచ్చి సెప్పినోడు ఒక్కడూ నేడు."

"అందుకని అందరూ ఒకే మాట..." అన్నాను.

"ఊరు కూకుని అనుకున్న మాట. ఎవుల్నడిగినా అదే ఒస్తాది."

సార్ వెళ్ళి అరుగు కింద, జీడిపిక్కల డొప్పల పక్కన నేల మీద కూర్చున్నారు. నా చేతిలో ఖాళీ ఫారం తీసి చిన్నమ్మలుకి ఇచ్చారు.

"ఇవాళ మేం అడగం. మీరే ఈ అమ్మాయిని అడగండి."

చిన్నమ్మలు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "తప్పు గురువుది, పరీచ్ఛ శిష్యురాలికా?"

ఆడవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకూ అదే అనిపించింది మరి.

"ముందు తను. తర్వాత నన్ను అడగండి" అన్నారు సార్.

చిన్నమ్మలు గొంతు సవరించుకుంది. "నమస్కారమండీ, యూనివర్సిటీ నుంచి వచ్చాం, ఒక్క పది నిమిషాలు" అంది. అది నా గొంతు, నా దీర్ఘాలతో సహా. పేరు, వయసు, కులం అడిగి రాసింది. ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, అందరూ వాడతారా అంది. వాడతామన్నాను. ఇంట్లో మందు తాగేవాళ్ళెవరంది.

"మా బాబాయి. అప్పుడప్పుడు."

"అప్పుడప్పుడంటే వారానికెన్నాళ్ళు? ఇక్కడ గడుందమ్మా, నింపాల."

"నాలుగు" అన్నాను. ఐదుగురు పరాయివాళ్ళ ముందు మా బాబాయి పరువు ఒక గడిలో అంకె అయిపోయింది.

"ఇంట్లో ఎవరికైనా చాన్నాళ్ళుగా ఉన్న జబ్బుందా?"

"లేదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి. చిన్నమ్మలు రాయలేదు. పెన్ను కాగితం మీద ఆనించి నా వంకే చూస్తోంది. "లేదనే రాసీమంటావా?"

మా ఇంట్లో ఒకరికి ఒక జబ్బుంది. మాత్రలు పోపుల డబ్బా వెనక దాస్తాం. పక్క వాటాలో పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళకి కూడా తెలీదు. ఆ జబ్బేమిటో ఇక్కడా రాయను. సార్ నా వైపు చూస్తారేమో అనుకున్నాను. ఆయన నేల వైపు చూస్తున్నారు. ఇదే ప్రశ్న నేను ఎనభై నాలుగు గుమ్మాల్లో, చెమట తుడుచుకుంటూ, తర్వాతి ఇంటికి టైమవుతోందని చూసుకుంటూ అడిగాను.

"ఉంది" అన్నాను. ఎవరికో, ఏమిటో చెప్పాను.

చిన్నమ్మలు మొహంలో నవ్వు పోయింది. నెమ్మదిగా రాసి, కింద సంతకం పెట్టమంది. పెట్టాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"అక్కా, ఆ కాగితం..."

"మాకాడుంటాది."

"ఏం చేస్తారు దాన్ని?"

"విశ్లేషణ" అంది. అది నేను వాళ్ళకి నెల రోజులుగా చెప్పిన మాటే.

"నా పేరుంది కదక్కా దాని మీద."

"మా పేర్లు నీకాడ ఎనభై నాలుగున్నాయి."

ఇచ్చేయండక్కా అని అడిగాను. రెండోసారీ అడిగాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఇవ్వనూ లేదు.

అప్పుడు తవిటమ్మ గారు చేతులకంటిన జీడిరసం బూడిదతో రుద్దుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. "టిన్నులూ లేవు, ఏటీ లేవు. ఈది బోరు నీళ్ళే తాగుతాం, అందరం. ఏడుగురు ఆసుపత్రికి తిరుగుతన్నారు. మా పెద్దోడు పోయి రెండేళ్ళు." నా చెయ్యి పట్టుకుంది. "నీకు సెప్పినాను, బుల్లీ. నీ కాగితానికి గాదు. మా ఊరి పేరెత్తకు."

సార్ లేచి, "నన్నింకా అడగలేదు" అన్నారు.

"ఫారం ఒకటే తెచ్చినారు గదా, ఇంకోసారి రండి" అంది చిన్నమ్మలు. అది పిలుపో, పొమ్మనడమో నాకు ఇప్పటికీ తెలీదు.

బస్టాపులో మేమిద్దరమే ఉన్నాం. నాకు ఆయన మీద కోపంగా ఉంది. అయినా అడగక తప్పలేదు.

"ఏం రాయమంటారు సార్? ఫారాల్లో ఉన్నదే రాస్తే ప్లాంటు వేరే ఊరికి పోతుంది, వీళ్ళు అవే నీళ్ళు తాగుతారు. నిజం రాస్తే ఊరి పేరు మళ్ళీ బయటికొస్తుంది. పేరు లేకుండా రాద్దామంటే, పేరు లేని ఊరికి ప్లాంటు ఎవరిస్తారు?"

"నువ్వు ఏది రాసినా దాని కింద నా సంతకం ఉంటుంది" అన్నారు.

అది జవాబు కాదు. ఆ ముక్కే అన్నాను. దూరంగా బస్సు కనబడ్డాక ఆయనన్నారు:

"నువ్వు నీ కాగితం వెనక్కి అడిగావు. ఆ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగొచ్చని మనం వాళ్ళకి చెప్పనూ లేదు."

ఆ మాట చుట్టూ మూడు రోజులుగా తిరుగుతున్నాను. శుక్రవారం సాయంత్రం ఐదింటికి నివేదిక ఇచ్చేయాలి. ఫారాలు చెల్లవని రాసేస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది, ఆ ఊరు జాబితాలోంచే పోతుంది, నా సీటూ పోతుంది. మళ్ళీ ఊరికెళ్ళి, పేరు రాయనివ్వండని వాళ్ళనే అడుగుదామా అనుకున్నాను. ఏ మొహంతో అడగాలో తోచలేదు. పేరు రాస్తే పాలకేంద్రం దగ్గర ఈసారి వాళ్ళ తరఫున ఎవరు నిలబడతారు? నేనా? సారా? యూనివర్సిటీయా?

ఇది చదువుతున్న మీ ఇంటికి కూడా ఎప్పుడో ఒకప్పుడు కాగితాలు పట్టుకుని నాలాంటి అమ్మాయి వచ్చే ఉంటుంది. మీరు ఆమెకి నిజమే చెప్పారా? చెప్పకపోతే, ఆమె ఏం చేసి ఉంటే చెప్పేవారు? నేను చేయాల్సింది అదేనేమో. శుక్రవారం లోపు నాకు చెప్తారా?