రాజమడుగు నీళ్ళు

రండమ్మా, ముందుకి జరగండి. వెనక నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి, చాప చాలకపోతే నా కండువా పరుస్తాను. ఆ పైవాడిని ఒక్కసారి మనసులో తలుచుకుని చెవులిటు పెట్టండి. నోరులేని జీవాలక్కూడా ఆయన నోరిచ్చిన కాలంనాటి సంగతి ఇది.

కొండ కింద ఒక అడవి, అడవిలో ఒక వాగు. వాగు కొండ దిగేచోట అద్దంలాంటి మడుగు ఉండేది. దాని పేరు రాజమడుగు. దర్బారులో కూర్చునేవాళ్ళు తప్ప ఎవరూ అక్కడ మూతి పెట్టకూడదని చట్టం. దానికి కాస్త దిగువన అడవిపందులు పొర్లే బురదగుంట. ఆ గుంటని కడుక్కుని వచ్చిన నీళ్ళే జింకలకీ, కుందేళ్ళకీ, మిగతా అందరికీ.

ఇంకా దిగువన జబ్బుల పాక. అందులో నర్సు ఒక కొంగ. తెల్లచీర కట్టినట్టే ఉండేది. లోకంలో కొంగలన్నీ ఒంటికాలి మీద నిలబడతాయి, ఈమెకి మాత్రం రెండు కాళ్ళూ చాలేవి కావు. అంత తిరుగుడు. అందరూ నర్సమ్మ అనేవారు.

ఆ ఏడు వానలు పడగానే పసివాళ్ళకి విరేచనాలు పట్టుకున్నాయి. నర్సమ్మ కషాయం పట్టేది, తగ్గేది, ఇంటికి పంపేది. అక్కడ మళ్ళీ అవే నీళ్ళు, మళ్ళీ అదే పాక. ఒక తల్లిజింక పెద్దపిల్లని పోగొట్టుకుని, చిన్నదాన్ని మోసుకొచ్చింది.

"నర్సమ్మా, పెద్దదాన్ని కూడా నువ్వే బాగుచేశావు. ఇంటికెళ్ళాక మళ్ళీ పడిపోయింది. దీన్ని బతికిస్తావా, లేక దీన్ని కూడా బాగుచేసి పంపించేస్తావా?"

నర్సమ్మ చిన్నదానికి కషాయం పట్టింది. మర్నాడు పొద్దున్నే వాగు వెంట ఎగువకి నడుచుకుంటూ పోయింది. బురదగుంట చూసింది, రాజమడుగు చూసింది. అట్నుంచటే నక్కమంత్రి గుమ్మం ఎక్కింది. పందులు తవ్వితీసే దుంపగడ్డల్లో మంత్రిగారికి వాటా ఉందన్న సంగతి అడవిలో చీమలక్కూడా తెలుసు.

"మంత్రిగారూ, మందుతో అయ్యేది కాదిది. పందుల గుంట దిగువకి మార్పించండి, రాజమడుగు అందరికీ తెరిపించండి."

"నీ పని కషాయం కాచుకోవడం. చట్టాల సంగతి దర్బారు చూసుకుంటుంది."

"ఆ చట్టం తెచ్చిన జబ్బేగా నేను చూసుకుంటున్నది."

నక్క నవ్వింది. "కొంగజపం నాకు తెలీదా? దర్బారులో చోటు కావాలేమిటి?"

"జపమే అనుకోండి. పిల్లలు బతకాలని చేస్తున్నాను."

నక్క గొంతు మెత్తబరిచింది. "అలిసిపోయావు నర్సమ్మా. నీకు ఘనసన్మానం చేయిస్తాను. పూలదండ, శాలువా..."

"శాలువా కప్పితే విరేచనాలు ఆగవండీ."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నర్సమ్మ దిగులుగా తిరిగొచ్చింది, కానీ పట్టు వదల్లేదు. పాకలో తనకి సాయం చేసే కొంగలతో అంది, "దారి ఆ దేవుడే చూపిస్తాడు. కళ్ళు తెరుచుకుని ఉండడం మన వంతు."

వానలు వెలిశాయి. పాకని చూడడానికి సింహరాజు వస్తున్నాడని కబురొచ్చింది. నక్కమంత్రి కోతుల్ని వెంటేసుకుని, సున్నం కుండలతో పరుగెత్తుకొచ్చింది.

"ఈ మూలుగులేమిటి? రాజుగారు వచ్చేవేళకి ఒక్క రోగి కనబడకూడదు. ఖాళీ చేయించు."

"లేవలేని పసివాళ్ళండీ. ఎక్కడికి పంపమంటారు?"

"నన్నడుగుతావేం? ఎక్కడ బతుకుతారనిపిస్తే అక్కడికి పంపు."

నర్సమ్మ మెడ నిటారుగా లేచింది. "ఎక్కడ బతుకుతారో అక్కడికేనా? మీ ఆజ్ఞేనా?"

"మంత్రి ఆజ్ఞ ఎన్నిసార్లు చెప్పాలి? ఒరే కోతులూ, మీరూ విన్నారుగా. సున్నం మరీ పల్చన చెయ్యకండి."

కొంగలన్నీ కలిసి రోగుల్ని బయల్దేరదీశాయి. నడవగలవాళ్ళు నడిచారు, నడవలేనివాళ్ళని తల్లులు మోశారు. ఊరేగింపు తిన్నగా రాజమడుగుకే చేరింది. కాపలా దున్న అడ్డం నిలబడ్డాడు.

"నర్సమ్మా, ఇటు కాదు. ఇది దర్బారువాళ్ళది."

"మంత్రిగారే పంపారు దున్నన్నా. వీళ్ళు ఎక్కడ బతుకుతారో అక్కడికి పంపమన్నారు. కోతులు సాక్ష్యం. ఎక్కడ బతుకుతారో నువ్వే చెప్పు."

దున్న మడుగు వంక చూశాడు. తల్లి భుజం మీద వేలాడుతున్న జింకపిల్ల వంక చూశాడు. కాపలా తనదే అయినా, తన ఇంటికి వెళ్ళేవి కూడా దిగువ నీళ్ళే.

"మంత్రి మాట కాదనడానికి నేనెంతవాణ్ణి," అని పక్కకి తప్పుకున్నాడు.

నర్సమ్మ పాత కషాయమే పట్టింది, ఈ నీళ్ళతో. జింకపిల్ల మొదట తలెత్తింది. తరవాత చెవులు ఆడించింది. ఆ తరవాత తల్లి పొదుగు కుమ్మింది. ఆ తల్లి కళ్ళనీళ్ళు మడుగులో పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

మూడు రోజులకి సింహరాజు వచ్చాడు. పాక తెల్లగా, ఖాళీగా ఉంది. "ఈ ఏడు జబ్బులు ఎక్కువని విన్నానే. రోగులేరి?"

నక్క నోరు తెరిచేలోపే పిల్లలు గెంతుకుంటూ దిగొచ్చారు. వెనక నర్సమ్మ, తల్లులు, దున్న. నక్క తెల్లబోయి, అంతలోనే ఛాతీ పొంగించింది.

"అందరికీ నయమైంది ప్రభూ. అంతా నా ఏర్పాటే!"

"ఏం ఏర్పాటు?"

"అది... నర్సమ్మ వివరంగా మనవి చేస్తుంది."

నర్సమ్మ తలవంచి చెప్పింది. "మంత్రిగారి మాటే ప్రభూ. ఎక్కడ బతుకుతారో అక్కడికి పంపమన్నారు. రాజమడుగుకి తీసుకెళ్ళాను. మందు పాతదే. మారింది నీళ్ళు."

"మడుగు తెరిపించింది నువ్వేనా?" అన్నాడు రాజు నక్కతో.

కాదంటే ఇప్పుడు చెప్పింది అబద్ధం. అవునంటే చట్టం పోయినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నేనే ప్రభూ," అంది నక్క.

రాజు జింకతో అన్నాడు, "నీకు ఒక్కతేనా బిడ్డ?"

"ఇద్దరు ప్రభూ. ఈ మాట ముందే వచ్చుంటే ఇద్దరూ ఉండేవారు."

సింహరాజు ఆ చిన్నదాని తల నిమిరాడు. ఆ తరవాత చెప్పాడు. "ఇకనుంచి రాజమడుగు అందరిదీ. పందుల గుంట అన్నిటికన్నా దిగువకి పోవాలి. మంత్రీ, మొదలుపెట్టినవాడివి నువ్వే కనుక దగ్గరుండి నువ్వే తవ్వించు. నీళ్ళ మీద ఏ చట్టం చేసినా నర్సమ్మ దర్బారులో ఉండాలి. ఆమె చెప్పింది వినకుండా ముద్ర వెయ్యను."

సన్మానం నక్కకే జరిగింది. మెళ్ళో దండతో, మోకాలిలోతు బురదలో నిలబడి గుంట తవ్వించింది. పందులకి కోపమొచ్చి గడ్డల వాటా ఆగిపోయింది. చెట్టు మీంచి ఒక కోతి అంది, "దండ నప్పింది మంత్రిగారూ. కాస్త లోతుగా తవ్వించండి."

"పేరంతా నక్క కొట్టేసింది కదా నర్సమ్మా," అంది జింక.

"కొట్టెయ్యనీవే. నీళ్ళు వదిలేసిందిగా."

జబ్బుకి మందు పోయడం సగం సేవే, జబ్బు పుట్టేచోటుని మార్పించడం మిగతా సగం.

నా తల్లులారా, నా అయ్యలారా, ఆ కొంగ చేసిన ఒక్క పని గుర్తుపెట్టుకోండి. కషాయం కుండ దించి, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడడానికి ఎగువకి నడిచింది. రేపు మీ వీధిలో ఒక పసిబిడ్డ పడకేస్తే, మందు ఇచ్చాక మీరూ అలా ఎగువకి నాలుగడుగులు వేసి రండి. చూసింది నలుగురికీ చెప్పండి. దేవుడు మీకు తోడుంటాడు.