కొండయ్య పొద్దుటి గంజి

ఒకప్పుడు కొండలకు మంచు పట్టేది కాదర్రా. ఏ పొద్దున చూసినా కొండ కొమ్ము బోడిగా, చిరచిరలాడుతూ కనిపించేది.

అలాంటి ఒక కొండ కింద గూడెంలో బుద్రి ఉండేది. కొత్త సామలు పండితే ముందు గుప్పెడు గింజలు కొండ కొమ్మున పెట్టి రావాలి. ఆ తర్వాతే గూడెంలో కొత్త గింజ ఉడకాలి. అదీ వాళ్ల ఆచారం. ఆ ఏడు గింజలు పట్టుకెళ్లిన పూజారిని కొండ రాళ్లు దొర్లించి తరిమేసింది. ఇంకేముంది! గాదెల నిండా సామలు, పిల్లల కడుపుల్లో మాత్రం మామిడిటెంక అంబలి.

"అమ్మా, ఈ చేదు నాకొద్దే," అని కూతురు సుక్రి ఏడ్చింది. బుద్రి గబుక్కున లేచింది. ముంతలో సామలు పోసుకుని, కొంగు బిగించి బయల్దేరింది.

దారా అది? వెదురు పొదలు చీర లాగాయి. జలగలు పాదాలు పట్టాయి. "వదలండే, మీ జిమ్మడ!" అని దులుపుకుంటూ, చెట్ల వేళ్లు పట్టుకుని పాకింది. కొమ్ము దగ్గరపడగానే దడదడా రాళ్లు! ఒకటి చెవి పక్కనుంచే పోయింది.

బుద్రికి ఒళ్లు మండింది. "ఏటయ్యా కొండయ్యా! తిండి తెచ్చినోళ్లనే తంతావా? నీకేటి మాయరోగం?"

"తిండా అది?" కొండయ్య గుర్రుమన్నాడు. "ఏటేటా పొట్టుతో పచ్చి గింజలు! నమలడానికి నాకు పళ్లున్నాయా? కడుపునొప్పితో చస్తున్నాను!"

బుద్రి నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! తాతల నాటి నుంచి పెడుతున్నామే గానీ, ఎలా తింటావని ఒక్కరమూ అడగలేదు కదయ్యా!"

దొర్లిన రాళ్లలోనే మూడు ఏరి పొయ్యి పెట్టింది. బండ మీద సామలు నూరి పొట్టు ఊదేసింది. ఊట నీళ్లు పోసి, చెకుముకి రాయి కొట్టి, గంజి కాచింది. తెల్లటి ఆవిరి కొమ్మంతా కమ్ముకుంది.

కొండయ్య జుర్రున తాగేశాడు. "అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. మరి రేపెవరు కాస్తారు?" అన్నాడు దిగులుగా.

"అడిగావూ! ఇంటి దగ్గర నాకు ఆకలితో పిల్ల ఉంది. ముంతా, మిగిలిన సామలూ ఇక్కడే వదిలేస్తాను, చూశావుగా, నువ్వే కాచుకో. గింజలు మేం తెస్తాం. రాళ్లు మాత్రం దొర్లించకు," అని బుద్రి గబగబా దిగిపోయింది.

మర్నాడు పొద్దున కొమ్ము మీద తెల్లగా ఆవిరి లేచింది. "కొండయ్య పొయ్యి రాజేశాడర్రా!" అని గూడెం గూడెమంతా పొయ్యిలు వెలిగించింది. అందరికంటే ముందు దొప్ప పట్టుకు కూర్చుంది ఎవరనుకున్నారు? సుక్రే!

అప్పటినుంచే పొద్దున్నే కొండ కొమ్ముల మీద మంచు లేస్తుంది. ఎండెక్కి, కొండయ్య కడుపు నిండగానే విడిపోతుంది. మరి వానాకాలంలో పొద్దస్తమానం విడవదేం అంటారా? కట్టెలు తడిసిపోయి, పాపం, ఇంకా పొయ్యి ఊదుకుంటూనే ఉన్నాడన్నమాట!