అందరినీ అడిగాడు

నన్నేసాబుకు పేర్లు పెట్టే చదువు అబ్బింది. అదే అతనికి తంటా అయి కూర్చుంది.

పట్నంలో మనస్తత్వశాస్త్రం చదివి, కొండ కింద దర్గాలో ఇమామయ్య తాత దగ్గర శిష్యుడుగా చేరాడు. ఇంట్లో ఎవరూ వేగలేని మనుషులను తెచ్చి ఆ దర్గాలో వదిలిపెట్టి పోతుంటారు. తాత తాయెత్తు కట్టడు, దయ్యం వదిలించడు. డాక్టరు మందులిచ్చిన వాళ్ళ చేత మందులు మింగిస్తాడు, అన్నం పెడతాడు, పక్కన కూర్చుంటాడు. అంతే ఆయన విద్య.

నన్నేసాబు వచ్చిన కొత్తలోనే అందరినీ తేల్చేశాడు. తన నీళ్ళు తానే చేదుకుని కడవకు కాపలా కూర్చునే సుబ్బరాయుడిది అనుమానపు వ్యక్తిత్వం. వాకిట్లో చెప్పుల వరస తప్పితే అన్నం ముట్టని శేషగిరి పంతులుది పట్టింపుల వ్యక్తిత్వం. ఎవరి పొత్తూ అక్కర్లేకుండా గోడ వైపు తిరిగి కూర్చునే చాంద్‌బాషాది ఒంటరి వ్యక్తిత్వం.

"ఇవి వట్టి గుణాలు కావు తాతా, వ్యక్తిత్వ రుగ్మతలు. దేని లక్షణాలు దానికి వేరే" అని నన్నేసాబు చెబుతుంటే తాత చెవి ఒగ్గి వినేవాడు. పాపం, ఆయన నిజంగానే నేర్చుకునేవాడు. "మంచి చదువు నాయనా" అనేవాడు.

చిక్కంతా ఓబులమ్మతో వచ్చింది.

ఓబులమ్మకు ముప్పయ్యేళ్ళుంటాయి. మనసు బాగున్నంతసేపు నన్నేసాబును "నా తమ్ముడివి, నా దేవుడివి" అనేది. అతను సంతకు పోయొస్తానంటే చాలు, "పో, నువ్వూ పో! అందరూ పొయ్యేవాళ్ళే! నేను సస్తే గానీ మీ కళ్ళు సల్లబడవు" అని గోడకు తల కొట్టుకునేది.

తనను వదిలేసి పోతారన్న భయం అది. ఆ రకానికున్న పేరూ నన్నేసాబుకు తెలుసు. తెలుసు గనకనే ఒక ఉపాయం కనిపెట్టాడు, ఆమెకు చెప్పకుండా వెనకదోవన జారుకోవడం. దాంతో ఆమె తెల్లారిన దగ్గర్నుంచీ అతని మీదే కన్ను వేసి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు అతను కనబడక చెయ్యి గాయం చేసుకుంది.

నన్నేసాబుకు ఒళ్ళు మండిపోయింది. తాత దగ్గరికి పోయి, "ఇదంతా నాటకం. మనం లొంగేకొద్దీ ఈ రకం మనిషి నెత్తికెక్కుతుంది. వాళ్ళన్నకు ఫోన్ చేసినా. ఎల్లుండి వచ్చి తీసుకపోతాడు" అన్నాడు.

అన్న ఇంట్లో ఓబులమ్మ ఉండేది పశువుల కొట్టంలో. గొలుసు ఒరుసుకున్న నల్లమచ్చ ఆమె కాలికి ఇంకా ఉంది. ఆ సంగతి నన్నేసాబుకు తెలియనిది కాదు.

"నన్నడక్కుండానే చేసినావా?" అన్నాడు తాత.

"ఈడ ఆమన్నా ఉండాల, నేనన్నా ఉండాల!"

తాత "సరేలే నాయనా, దీపం పెట్టుపో" అని మాత్రం అన్నాడు.

మర్నాడు నన్నేసాబు లేచేసరికి తాత లేడు.

నమాజు చాప చుట్టి ఉంది, చేతికర్ర లేదు. పేరు పేరునా "పోయొస్తా" అని చెప్పిగానీ గడప దాటని మనిషాయె! సుబ్బరాయుడిని అడిగితే, కడవ దగ్గరికి రావద్దని కసిరాడు. పంతులును అడిగాడు, గోడవైపు తిరిగి ఉన్న చాంద్‌బాషానూ అడిగాడు. రోడ్డు మీద టీకొట్టువాణ్ణి, వచ్చే పోయే ఆటోవాళ్ళను కూడా వదల్లేదు. ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి భయం కాస్తా కోపమైంది. ఆయన పోతే నేనూ పోతానని సంచి సర్దుకున్నాడు. మళ్ళీ విప్పాడు. నిన్నటి మాటకు ముసలాయన మనసు విరిగిపోయిందేమో, ఏ బండల్లో పడి ఉన్నాడో అనుకున్నాడు. అరుగు మీద కూర్చుని, దోవ వైపు చూస్తూ, అంతమందిలో సిగ్గు విడిచి ఏడ్చాడు.

ఓబులమ్మ అవతలి మూల కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆ రోజు ఆమె అరవలేదు, గోడ దగ్గరికి పోలేదు. "తమ్ముడా" అని ఒకసారి పిలిచింది కూడా.

"నువ్వూరుకో తల్లీ, నీకో దండం!" అని నన్నేసాబు ముఖం తిప్పుకున్నాడు.

పొద్దు గుంకే వేళకు తాత కర్ర ఆనించుకుంటూ నింపాదిగా వచ్చాడు. నన్నేసాబు ఎదురు పరుగెత్తి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పో, మళ్ళీ పో! చెప్పకుండా ఎట్ల పోతావు నువ్వు? నేను సస్తే గానీ నీకు..."

అక్కడ ఆగిపోయాడు. ఆ మాటలు ఎవరి నోట విన్నాడో అతనికి గుర్తొచ్చింది.

తాత చేతులు విడిపించుకోలేదు.

"పొద్దు గుంకేలోపల వస్తానని ఓబులమ్మకు చెప్పే పోయినా గదా నాయనా" అన్నాడు. "ఆమెను అడగలేదా?"

నన్నేసాబు కళ్ళు తుడుచుకుని, మూలన కూర్చున్న ఓబులమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు. దర్గాలో ఫోన్ అందదు, రోడ్డు దాకా పోవాలి.

"అక్కా, మీ అన్నను రావద్దని ఫోన్ చేసి వస్తా" అన్నాడు.

ఓబులమ్మ చేట కింద పడేసింది. ముఖం ఎర్రబడింది. "పో, నువ్వూ పో!" అని ఎత్తుకుంది. నన్నేసాబు కదల్లేదు. ఆమె తిట్లన్నీ తిట్టి, ఏడ్చి, అలిసిపోయేదాకా అక్కడే నిలబడి విన్నాడు.

చివరికి ఓబులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎప్పుడొస్తావు?" అంది.

"అన్నం వేళకు."