తెడ్లతో సహా పడవ ఒకటి

అనసూయమ్మ గారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి, పైటచెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "చూద్దాంలే నాయనా" అంటారు. చిలకలూరిపేట దాటాక ఉన్న మా నూలు మిల్లులో ముప్ఫై ఏళ్ళుగా పద్దుల విభాగానికి ఆవిడే పెద్ద. లెక్కలు తెలిసినవాళ్ళు జిల్లాలో బోలెడుమంది ఉండొచ్చు గానీ, లెక్క నేర్పడం తెలిసిన మనిషి ఆవిడొక్కరే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న మస్తాన్ వలి ఎం.కాం. చదివినవాడు, చురుకైనవాడు. ఒక సోమవారం పొద్దున్నే ఆవిడ బల్ల ముందు నిలబడి అడిగాడు: "అమ్మా, అంతమంది సంతకాలు పెట్టాక కూడా అట్టపెట్టెల బిల్లుకి రెండుసార్లు డబ్బు ఎలా వెళ్ళింది? ఇంకో సంతకం పెంచుదామా?"

అడగాల్సిన ప్రశ్నే. ఒకే బిల్లుకి అసలు ఒకసారి, నకలు ఒకసారి వస్తే రెండింటికీ చెల్లించాం. మూడు లక్షల ఎనభై వేలు! అట్టపెట్టెలాయన దుకాణం ఎత్తేసి ఎటు పోయాడో తెలీదు. యజమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. మస్తాన్ అడగడంతో ఊరుకోలేదు, ఒక నోటు కూడా రాసి తెచ్చాడు. గేటు దగ్గర కాటా చూసే యేసోబు ప్రతి బిల్లునీ రెండేసి రోజులు అట్టిపెట్టుకుంటున్నాడనీ, ఆయన్ని తప్పించి గోడౌను కాపలాకి పంపాలనీ, ఆ చోట చదువుకున్న ఆఫీసరు చేత సంతకం పెట్టించాలనీ అందులో ఉంది. శనివారం లోపు తేల్చమన్నారు యజమానులు. యాభై ఎనిమిదేళ్ళ యేసోబుకి ఆ కాటాయే అన్నం, ఆ కాటాయే పరువు.

అనసూయమ్మ గారు నోటు చదివి సొరుగులో పెట్టారు. "చూద్దాంలే నాయనా."

మర్నాడు ఒక బిల్లు బయల్దేరింది. మా మిల్లులో ఒక మర్యాద ఉంది. ముందు మేనేజరు గారు సంతకం పెడతారు. ఆయన కింద స్టోర్సు సాంబిరెడ్డి, ఆ కింద క్యాషియరునైన నేను, ఆ తర్వాత మస్తాన్, చిట్టచివర యేసోబు. పెద్దాయన సంతకం పెట్టాక మనం మళ్ళీ తరచి చూడటమంటే ఆయన్ని అనుమానించినట్టే గదా! అందుకని ఎవరమూ చూడం. సాంబిరెడ్డి ఫోను మాట్లాడుతూ గీకేశాడు. నేను మజ్జిగ తాగుతూ గీకాను. మస్తాన్ నా సంతకం చూసి తనదీ పెట్టాడు. దాచుకోవడమెందుకు, సిగ్గు విడిచి చెబుతున్నాను.

గురువారం మధ్యాహ్నం యేసోబు స్వయంగా మేడెక్కి వచ్చి బిల్లు బల్ల మీద పెట్టాడు. అందులో ఆయన సంతకం లేదు.

"అమ్మగారూ, కోప్పడకండి. ఈ పడవ ఏ గేటులోంచి వచ్చింది?"

"ఏం పడవయ్యా?" అన్నాను నేను.

"బిల్లులో రాశారుగా సార్. నాటు పడవ ఒకటి, తెడ్లతో సహా, లక్షా పది వేలు. రెండ్రోజుల్నుంచి వెతుకుతున్నా. గోడౌనంతా చూశా, బాయిలరు వెనక కూడా చూశా. నా కాటా అయితే ఎక్కలేదు. మీరంతా పెద్దవాళ్ళు పెట్టారు, కాదనను. నేను మాత్రం పెట్టను. కావాలంటే నన్ను తీసేయండి."

మా మిల్లు చుట్టూ పడవ తేలేంత నీళ్ళు వానాకాలంలో కూడా నిలవవు. సాంబిరెడ్డి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. గుమ్మంలో మేనేజరు గారు నవ్వుతున్నారు. ఆ బిల్లు అనసూయమ్మ గారు కావాలని రాసిందేనట, ఆవిడ అడిగితేనే ఆయన మొదటి సంతకం పెట్టారట. నాకు తల కొట్టేసినట్టయింది.

"ముప్ఫై ఏళ్ళ కిందట నీకు సంతకం పెట్టడం నేర్పింది నేనే గదా యేసోబూ," అన్నారు అనసూయమ్మ గారు. "పెట్టకుండా ఉండటం మాత్రం నీ అంతట నువ్వే నేర్చుకున్నావు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేనయ్యా."

యేసోబు భుజం మీద తువ్వాలు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. అంత పొడుగు మనిషని నేను అప్పటిదాకా గమనించనే లేదు. మా మిల్లు మనిషి అని నాకూ ఛాతీ పొంగింది.

అప్పుడు మస్తాన్, ఎవరూ చెప్పకుండానే, బీరువా తెరిచి అట్టపెట్టెల నకలు బిల్లు తీశాడు. నాలుగు సంతకాలున్నాయి. ఐదో గడి ఖాళీ. ఆ రోజు అట్టపెట్టెలాయన వచ్చి కూర్చుని తొందరపెడుతుంటే, యేసోబు చేత తర్వాత పెట్టించుకుందాంలే అని డబ్బు పంపేసింది మస్తానూ నేనూనే.

"సరుకు ఒక్కసారే దిగింది బాబూ," అన్నాడు యేసోబు నెమ్మదిగా. "రెండో లోడు చూపించమన్నాను. ఎవరూ చూపించలేదు."

కింద లారీ హారను మోగింది. యేసోబు అనసూయమ్మ గారికి దణ్ణం పెట్టి కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు. మస్తాన్ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"నా నోటు ఇచ్చేయండమ్మా. చింపేస్తాను."

అనసూయమ్మ గారు సొరుగులోంచి నోటు తీసి, మడత విప్పి, అతని చేతిలో పెట్టారు.

"చింపొద్దు నాయనా. ఇవాళ్టి నుంచి ఏ కాగితం మీదైనా మొదటి సంతకం యేసోబుది. కాటా దగ్గరికి వెళ్ళి దీంతోనే మొదలుపెట్టు."